మన వైపు నుంచి అంతా ఓకే

ఈమధ్య ఒక బుధవారం పొద్దున మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో, మా పాత సీనియర్ పోయారని, ఆయన ఫొటో పడింది. మెడలో ఐడీ కార్డుతో తీయించుకున్న ఫొటోనే పెట్టారు. కింద ఒక్కొక్కరే దండాలు పెట్టుకుంటూ పోయారు. రాయ్‌పూర్ నుంచి ఒకరు "గొప్ప టెక్నికల్ మనిషి" అని హిందీలో రాశారు. ఇంకొకరు ఇంకాస్త ముందుకెళ్ళి "బిలాస్‌పూర్ నెట్‌వర్క్‌కి తండ్రి లాంటివారు" అన్నారు. అది చదివి నేను టీ గ్లాసు కింద పెట్టేశాను. దండం బొమ్మ దాకా వేలు తీసుకెళ్ళాను, వెనక్కి తీసేసుకున్నాను.

పోయినవాళ్ళని ఆడిపోసుకోకూడదని మా అమ్మ అంటుంది. ఆడిపోసుకోవడం నా ఉద్దేశం కాదు. తొమ్మిదేళ్ళు ఆయన పక్క కుర్చీలో కూర్చున్నాను. చూసింది చూసినట్టు చెబుతాను. అది ఆడిపోసుకున్నట్టు వినిపిస్తే ఆ తప్పు నాది కాదు.

ఆయన్ని నేను ద్వేషించలేదు. ద్వేషించాలంటే ఎదుటి మనిషిలో ఎంతో కొంత సరుకుండాలి. నేను చేసింది చిన్నచూపు చూడడం, అంతే. తొమ్మిదేళ్ళూ విసుగు లేకుండా, ఒక్క రోజు సెలవు పెట్టకుండా చూశాను.

మాది రక్తపరీక్షల కంపెనీ. పెద్ద ల్యాబు రాయ్‌పూర్‌లో ఉంది, బిలాస్‌పూర్‌లో అక్కడక్కడ చిన్న సెంటర్లున్నాయి. ఇక్కడ సూది గుచ్చి రక్తం తీసి, ఐస్ డబ్బాలో పెట్టి పొద్దుటి లోకల్ రైల్లో పంపుతారు. పరీక్ష అక్కడ జరుగుతుంది, రిపోర్టు ఇక్కడి కంప్యూటర్లో ప్రింటవుతుంది. ఈ సెంటర్లకీ ఆ ల్యాబుకీ మధ్య కంప్యూటర్ లైన్లు చూసుకోవడం మా ఇద్దరి పని. ఆయన సీనియర్, నేను జూనియర్. ఆయన తండ్రి రైల్వేలో గుమస్తా, మా నాన్న లోకో షెడ్‌లో ఫిట్టర్. రెండిళ్ళలోనూ శ్రీకాకుళం తెలుగే. అందుకని ఆఫీసులో మిగతావాళ్ళతో హిందీలో అనలేని మాటలు ఆయన నాతో తెలుగులో అనేవారు.

ఐడీ కార్డు సంగతి ముందే చెప్పాను కదా. అది ఆయన స్నానానికి తప్ప తీసేవారు కాదని నా అనుమానం. పెళ్ళిళ్ళకి అదే, సత్యనారాయణ వ్రతానికి అదే. చొక్కా జేబులో సోంపు డబ్బా ఉండేది. రోజుకి పదిహేనుసార్లు మూత తీసి, నాలుగు గింజలు అరచేతిలో వేసుకుని, నోట్లోకి విసురుకునేవారు. తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా ఆ డబ్బా నా వైపు తిరగలేదు. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు కీబోర్డు మీద చేతిరుమాలు కప్పేవారు. ఆ పాస్‌వర్డ్ బిలాస్‌పూర్ సెంటర్లన్నిటికీ తెలుసు, ఎందుకంటే కొడుతూ పెదాలు కదిపేవారు.

రాయ్‌పూర్ నుంచి ఫోన్ వస్తే కుర్చీలోంచి లేచి నిలబడేవారు. ఖాళీగా ఉన్న చేత్తో చొక్కా కిందికి లాక్కునేవారు. అవతలివాళ్ళకి కనబడదు కదా సార్ అని ఒకసారి అన్నాను. "మనకి కనబడతాది గదా" అన్నారు. అదే ఏ సెంటర్ నుంచో ఆపరేటర్ ఫోన్ చేస్తే, ఫోన్ బల్ల మీద పడేసి స్పీకర్ పెట్టి, అవతల మనిషి గోడు చెప్పుకుంటున్నంతసేపూ సోంపు నమిలేవారు. మధ్యమధ్య "హా, హా" అనేవారు. ఆ రెండో హా దగ్గర ఆయన వినడం మానేశారని నాకు తెలిసిపోయేది.

ఆయనకొక పొడుగు రిజిస్టర్ ఉండేది. రూళ్ళకర్రతో గీతలు కొట్టి, గళ్ళు చేసి, ఎర్ర సిరాతో శీర్షికలు రాసుకున్నారు. తేదీ, సెంటర్, ఫిర్యాదు, కారణం, పరిష్కారం. అందులో విశేషమేమిటంటే కారణం గడి ఆయన ఆఫీసులోనే నింపేసి బయల్దేరేవారు. సెంటర్‌కి వెళ్ళి చూసేది ఆ కారణానికి సాక్ష్యం కోసం. "వైరు లూజు" అని రాసుకుని వెళ్తే వైరు లూజయ్యేదాకా లాగేవారు.

మా పనిలో వీపీఎన్ అని ఒకటుంది. పేరు చూసి భయపడక్కర్లేదు. ఊరందరూ వాడే ఇంటర్నెట్ లోపలే రెండు ఆఫీసుల మధ్య మనం గోడలు కట్టుకున్న సొంత దారి అది. అందులో పోయే సమాచారం బయటివాళ్ళు చదవలేరు. జబ్బుల రిపోర్టులు కాబట్టి అలాంటి దారే కావాలి. ఆ దారి పనిచేస్తోందో లేదో తెలియడానికి తెర మీద రెండు అంకెలుంటాయి. ఇక్కడి నుంచి పంపినవి ఎన్ని, అక్కడి నుంచి తిరిగి వచ్చినవి ఎన్ని. ఆయన ఎప్పుడూ మొదటి అంకె మాత్రమే చూసేవారు. అది పెరుగుతుంటే బొటనవేలు పైకెత్తి, "మన వైపు నుంచి అంతా ఓకే" అనేవారు.

ఆ మాట ఆయన నోట్లో సోంపుతోపాటే నానుతూ ఉండేది. స్కూటర్ స్టార్ట్ కాకపోతే కిక్కులు కొట్టి కొట్టి, దిగి, పెట్రోల్ పంపువాణ్ణి తిట్టి, మన వైపు నుంచి అంతా ఓకే అనేవారు. సొంత కూతురి పెళ్ళిలో చివరి బంతికి పెరుగు అయిపోయింది. ఆకుల ముందు జనం చేతులు ఎండబెట్టుకుని కూర్చున్నారు. ఈయన ఐడీ కార్డుతో బంతి మొదట్లో నిలబడి వియ్యంకుడితో అదే మాట అన్నారు. వియ్యంకుడు చేయి కడుక్కోవడానికి లేచి వెళ్ళిపోయాడు.

ఇక పద్నాలుగు గురించి చెప్పాలి. మా రైల్వే కుటుంబాల్లో ఒక జబ్బుంది. ఇంటిపేరు తరువాత, క్వార్టర్ నంబరు ముందు. సంబంధాలు మాట్లాడేటప్పుడు కూడా "ఏ క్వార్టరోళ్ళు" అని అడిగాకే గోత్రం దాకా వస్తారు. క్వార్టర్ ఖాళీ చేసి పాతికేళ్ళయినా ఆ నంబరు వదలరు. ఆయన పుట్టింది రైల్వే కాలనీలో పద్నాలుగో నంబరు క్వార్టర్లో. అందుకని స్కూటర్ నంబరు చివర పద్నాలుగు, ఫోన్ నంబరు చివర పద్నాలుగు. ఆఫీసులో బీరువా తాళాలకి నంబర్లు వేస్తుంటే అక్కడా తగాదా పెట్టుకుని పద్నాలుగు తీసుకున్నారు.

ఆ క్వార్టర్ పాతబడిపోయిందని ఒక వేసవిలో కూల్చేశారు. చూడ్డానికి నన్నూ వెంటబెట్టుకుని వెళ్ళారు. ఇటుకల కుప్ప ముందు స్కూటర్ ఆపి, హెల్మెట్ తీయకుండా అయిదు నిమిషాలు అలాగే నిలబడ్డారు. నంబరు రాసిన పలక కోసం చెప్పుకాలితో ఇటుకలు కెలికారు. దొరకలేదు. "మా అమ్మ ఈ గుమ్మంలోనే కూకుని బియ్యం ఏరీది" అన్నారు. ఆ అయిదు నిమిషాలూ నాకు ఆయన మీద జాలి కలిగిన మాట నిజం. ఆరో నిమిషంలో అక్కడున్న కూలీని పిలిచి, ఎవరి పర్మిషన్‌తో కూల్చావని కసిరారు. జాలి అక్కడే దిగిపోయింది.

ఆ తరువాత నెలకే తోర్వాలో కొత్త సెంటర్ పెట్టారు. ఇలా కొత్తది పెట్టినప్పుడల్లా ఆ సెంటర్ కంప్యూటర్లకి ఒక నంబరివ్వాలి, వీధికి నంబరు పెట్టినట్టు. తెలిపారాకి ముప్ఫై, లాల్‌ఖదాన్‌కి ముప్ఫై ఒకటి. వరసలో తోర్వాకి ముప్ఫై రెండు రావాలి. ఆయన పద్నాలుగు ఇచ్చారు.

"వరస తప్పుతుంది కదా సార్" అన్నాను.

"ఉండనీ. ఖాళీగానే ఉంది గదా."

ఖాళీగా ఉందో లేదో రాయ్‌పూర్‌ని అడిగి తెలుసుకోవాలి. అడగలేదు. అడగమని నేనూ అనలేదు.

తోర్వా సెంటర్లో కంప్యూటర్ ముందు కూర్చునే మనిషి పేరు పైడితల్లి. అందరికీ పైడక్క. నాకంటే ఆరేడేళ్ళు పెద్ద. తండ్రి లాల్‌ఖదాన్ వైపు రైలు గేటు దగ్గర గేట్‌మన్‌గా పనిచేసి పోయాడు. భర్త ఎత్తు మీద నుంచి పడి నడుం విరిగి మంచం పట్టాడు. ఇంటికొచ్చే జీతం ఆవిడదొక్కటే, అదీ ఏడాదికోసారి కాగితం మార్చే కాంట్రాక్టు ఉద్యోగం. ముప్ఫై అయిదు దాటాక కంప్యూటర్ నేర్చుకుంది. రెండు వేళ్ళతోనే కొట్టేది, కానీ పేరు తప్పు కొట్టడం నేను చూడలేదు. గేటోడి కూతురు కంప్యూటర్ ఉద్యోగం చేస్తోందని కాలనీలో చెప్పుకునేవారు. ఆ మాట ఆవిడకి జీతం కంటే ఇష్టమని నా లెక్క.

తోర్వా లైను మొదటి రోజు నుంచే పనిచేయలేదు. పేజీ తెరుచుకోదు, తెర మీద చక్రం తిరుగుతూ ఉంటుంది. ఇద్దరం వెళ్ళాం. ఆయన "లేవండి" అని కూడా అనలేదు, పక్కన నిలబడ్డారు, ఆవిడే లేచింది. ఆవిడ కుర్చీలో కూర్చుని, లాప్‌టాప్ సగం తెరిచి, లోపలి నుంచి ఏదైనా దూకుతుందేమో అన్నట్టు కాసేపు తొంగి చూశారు. తరువాత తెర ఆవిడ వైపు తిప్పారు.

"చూడమ్మా. పంపినవి, అంకె పెరుగుతోంది. మన వైపు నుంచి అంతా ఓకే."

"ఎల్తన్నాయి, బాగుంది సార్" అంది పైడక్క. "తిరిగొస్తన్నాయేటి?"

"వస్తాయి. పంపితే రాక ఎక్కడికి పోతాయి."

"ఆ పక్క అంకె సున్నా ఉంది గదా సార్."

ఆయన సోంపు డబ్బా మూత తీశారు. ఆవిడ ఊరుకోలేదు.

"మా నాన్న గేటు ఏసీసినాక టేసన్‌కి ఫోన్ సేసీవోడు సార్. గేటు ఏసినానని ఉత్తినే సెప్తే సెల్లదు. ఒక నంబరు సెప్పాల. టేసన్ మాస్టరు ఆ నంబరు తిరిగి సెప్పి, పుస్తకంలో రాసుకోవాల. అప్పుడే బండికి సిగ్నలు. ఫోన్ సేసినాం గదా అని వొగ్గీసీవోరు కాదు."

"అది రైలమ్మా" అన్నారు ఆయన. "ఇది టెక్నాలజీ."

నేను నవ్వు ఆపుకోవడానికి ప్రింటర్ వైపు తిరిగాను. గేట్‌మన్‌కి తెలిసిన విషయం పదిహేనేళ్ళ సర్వీసున్న నెట్‌వర్క్ సీనియర్‌కి తెలియలేదు. ఆవిడకి తెలిసిందని ఆయనకి తెలిసింది. అక్కడే వచ్చింది చిక్కు. ఆయన చుట్టూ చూశారు. గోడకున్న స్విచ్చి, దాని పక్కన ఇంటర్నెట్ లైను వచ్చే రూటర్ డబ్బా కనబడ్డాయి.

"సాయంత్రం ఎల్లీటప్పుడు ఈ డబ్బా ఆపేస్తావా?"

"ఆపీస్తాను సార్. అన్నీ ఆపీసే గదా తాళం ఏస్తాను."

"అదిగో" అన్నారు ఆయన, నా వైపు చూసి.

రిజిస్టర్ తెరిచారు. కారణం గడిలో ముందే రాసుకొచ్చిన "వైరు లూజు" మీద రూళ్ళకర్ర పెట్టి నీటుగా ఎర్ర గీత కొట్టారు. కింద "ఆపరేటర్ రోజూ డబ్బా ఆపేస్తోంది, సెట్టింగులు పోతున్నాయి" అని రాశారు. డబ్బా ఆపితే సెట్టింగులు పోవు. ఆ సంగతి ఆ గదిలో నాకొక్కడికే తెలుసు. నేను ప్రింటర్లో కాగితాలు సరిచేశాను.

ఆ రోజు నుంచి పైడక్క డబ్బా ఆపలేదు. లైనూ రాలేదు. మేం మళ్ళీ వెళ్ళాం. ఈసారి కారణం "ఆపరేటర్ ఓపిక లేకుండా మళ్ళీ మళ్ళీ నొక్కుతోంది". ఆ తరువాత "ఆపరేటర్ ఊడుస్తూ వైరు కదిపింది". మూడు నెలల్లో ఆ రిజిస్టర్లో తోర్వా పేరు తొమ్మిదిసార్లు వచ్చింది, తొమ్మిదిసార్లూ కారణం ఆవిడే. ఈలోపు సెంటర్ నడిచిందంటే ఆవిడ ఫోన్ మీద నడిపింది. రాయ్‌పూర్ వాళ్ళు రిపోర్టు చదువుతుంటే నోట్‌బుక్‌లో రాసుకునేది. ప్రతి అంకె తిరిగి చదివి వినిపించి, వాళ్ళు అవునన్నాకే పేషెంటుకి రాసిచ్చేది. చేతిరాత రిపోర్టులేమిటని డాక్టర్లు గొణిగారు. ఆ గొణుగుడు రాయ్‌పూర్ దాకా పోయింది. వాళ్ళు కారణం అడిగారు. ఆయన నిలబడి, చొక్కా లాక్కుని, రిజిస్టర్ పేజీలు ఫొటో తీసి పంపారు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆయన భోజనానికి వెళ్ళినప్పుడు నేను రాయ్‌పూర్‌లో నాలాంటి జూనియర్ ఒకడికి ఫోన్ చేశాను. మా తోర్వా నుంచి వచ్చేవి మీకు అందుతున్నాయా, అందితే మీ జవాబు ఎటు పోతోంది, కొంచెం చూడు అన్నాను. అతను పది నిమిషాలు చూశాడు. అందుతున్నాయన్నాడు. జవాబు కూడా ఇస్తున్నామన్నాడు. ఆ జవాబు మాత్రం తమ బిల్డింగులోనే ఉన్న వేలిముద్రల హాజరు మెషీన్ల వైపు పోతోందన్నాడు. ఎందుకంటే ఆ మెషీన్ల వీధి నంబరు పద్నాలుగు.

రైల్వేలో పెరిగినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ప్రతి కాలనీలోనూ ఒక పద్నాలుగు ఉంటుంది. కాలనీ పేరు లేకుండా ఉత్తరం రాస్తే పోస్ట్‌మన్ దగ్గర్లో ఉన్న పద్నాలుగులో పడేసి పోతాడు. మూడు నెలలుగా తోర్వా రోగుల జవాబులన్నీ రాయ్‌పూర్‌లో ఉద్యోగుల వేలిముద్రలు తీసుకునే డబ్బాలకి పోతున్నాయి. నిజం చెప్పొద్దూ, మొదట నాకు నవ్వొచ్చింది. ఫోన్ పెట్టేసి గట్టిగా నవ్వాను. ఆయన ఇన్నేళ్ళ గొప్పతనమంతా తీసి బల్ల మీద పెట్టినట్టయింది.

ఆయన వచ్చాక చెప్పాను.

"సార్, పద్నాలుగు రాయ్‌పూర్‌లో ముందే ఉంది. మన జవాబులు వాళ్ళ హాజరు మెషీన్లకి పోతున్నాయి. ముప్ఫై రెండుకి మారిస్తే ఇప్పుడే వచ్చేస్తుంది."

ఆయన సోంపు నమలడం ఆపారు. "ఆళ్ళ పెద్దోళ్ళకి తెలుసేటి?"

"లేదు. జూనియర్ కుర్రాడు చూశాడు. అతనికి మన నంబరు ఎవరిచ్చారో తెలియదు."

"అచ్ఛా." డబ్బా మూత పెట్టారు. "మంచి పని చేసేవు. ఆదివారం సెంటర్ మూసుంటాది, అప్పుడెల్లి మార్చీ. రాయ్‌పూర్ వైపు కూడా ఆ కుర్రోడి చేతనే మెల్లగా మార్పించు. రిజిస్టర్లో ఏటీ రాయకు."

"మరి పైడక్క మీద రాసినవి?"

"అది రాయ్‌పూర్ చూసుకుంటాది. మన వైపు నుంచి అంతా ఓకే." అంతకుముందెప్పుడూ చూడనట్టు నన్ను చూశారు. "వచ్చే ఏడాది నేను దిగిపోతాను. ఈ కుర్చీలో ఎవుడు కూకుంటాడో నీకు తెలుసు గదా."

తెలుసు. 

శనివారం ఉదయం రాయ్‌పూర్ నుంచి కాగితం వచ్చింది. పైడితల్లి సోమవారం నుంచి రావక్కర్లేదు. మధ్యాహ్నం ఆవిడ నాకు ఫోన్ చేసింది.

"బాబూ, నానేటి తప్పు సేసినాను? డబ్బా ఆపడం మానీసినాను గదా. ఇంకేటైనా సేయకూడనిది సేసినానేటి? నువ్వు సదువుకున్నోడివి, సెప్పు."

"కనుక్కుంటానక్కా" అన్నాను.

ఆదివారం పదకొండింటికి తోర్వా సెంటర్ తాళం తీశాను. నంబరు మార్చడానికి నాలుగు నిమిషాలు పట్టింది. రాయ్‌పూర్ కుర్రాడు ఫోన్లోనే ఉండి తన వైపు మార్చాడు. సున్నా దగ్గర కూర్చున్న రెండో అంకె కదిలింది. పేజీ తెరుచుకుంది. సరిచూద్దామని ఆ వారం రిపోర్టులు ప్రింట్ చేశాను. బల్ల మీద ఆవిడ నోట్‌బుక్ ఉంది. తీసుకెళ్ళడం మరిచిపోయిందో, కంపెనీదని వదిలేసిందో. ప్రింటు కాగితాలు పక్కన పెట్టుకుని వరసగా పోల్చాను. హిమోగ్లోబిన్, షుగర్, క్రియాటినిన్. ఒక్క అంకె తేడా లేదు. నోట్‌బుక్ బీరువాలో పెట్టి తాళం వేశాను.

సోమవారం కొత్త అమ్మాయి వచ్చి కూర్చుంది. పేజీ తెరుచుకుంది, రిపోర్టు ప్రింటయింది. ఆయన రాయ్‌పూర్‌కి నిలబడి ఫోన్ చేశారు. ఆపరేటర్ మారింది సర్, ప్రాబ్లమ్ ఖతమ్, అన్నారు. దాంతో అందరూ నమ్మారు. ఎందుకు నమ్మరు? ఆవిడ ఉన్నన్నాళ్ళూ లైను రాలేదు, ఆవిడ వెళ్ళిన మర్నాడు వచ్చింది. దొంగని పట్టుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి. ఆ తరువాత రిటైరయ్యేదాకా కొత్త ఆపరేటర్లకి ట్రైనింగ్ ఇచ్చినప్పుడల్లా ఆవిడ కథ చెప్పేవారు. "తోర్వాలో ఒకావిడుండేది" అని మొదలుపెట్టి, గేటు గురించి ఆవిడ చెప్పిన మాటల్ని ఆవిడ యాసలోనే అనుకరించి నవ్వించేవారు. నేను వెనక బెంచీలో కూర్చుని ఈ మనిషి ఎంత తక్కువవాడో లెక్కగట్టుకుంటూ ఉండేవాణ్ణి. ఆ లెక్కలో నాకొక సుఖం ఉండేది, దాచుకోవడం దేనికి.

ఆయన చెప్పినట్టే కుర్చీ నాకొచ్చింది.

దశదినం రోజున తెలిపారాలో వాళ్ళింటికి వెళ్ళాను. వెళ్ళకపోతే బాగుండదు. అదే ఫొటో, దండ వేసి కుర్చీలో పెట్టారు. ఆయన భార్య నన్ను గుర్తుపట్టి దగ్గరికి పిలిచింది. "మీ గురించి ఎప్పుడూ సెప్పీవోరు" అంది. "ఆఫీసులో నాకున్న ఒకే ఒక్క నమ్మకస్తుడు అనీవోరు." మంచినీళ్ళు తాగి, చెప్పులు వెతుక్కుని బయటికి వచ్చేశాను.

తిరిగి వస్తూ బుధవారీ బజార్లో కూరలకి ఆగాను. తోటకూర కట్టలు ఏరుతున్న మనిషి తలెత్తింది. పైడక్క. జుట్టు నెరిసింది. ఇప్పుడు రెండిళ్ళలో వంట చేస్తోందట. భర్త పరిస్థితి అలాగే ఉందట. కూతురు నర్సింగ్ చదువుతోందట.

"సారు పోయారంట గదా బాబూ."

"అవునక్కా. అక్కడి నుంచే వస్తున్నాను."

"పాపం. మంచోరే. నా వొల్ల అన్నిసార్లు తిరిగినా ఒక్క మాటనలేదు." తోటకూర సంచీలో వేసుకుంది. "నా సెయ్యే మంచిది కాదు బాబూ. నానొచ్చీసిన మర్నాడే బాగైపోయింది గదా. ఏటి సేసినానో ఇప్పటికీ తెలీదు. మా పిల్ల కూడా అదే అంటాది, అమ్మా నువ్వు దేన్నీ ముట్టుకోకు అని. సెల్‌ఫోన్ ఇచ్చి ఏదైనా నొక్కమన్నా బయమేస్తాది."

అప్పుడు చెప్పేశాను. నాలో పశ్చాత్తాపం పొంగి చెప్పానని రాసుకోవాలని ఉంది, కానీ అది అబద్ధం. ఆవిడ నోట ఆయన మంచివాడు అన్న మాట విని భరించలేక చెప్పాను. పద్నాలుగు, హాజరు మెషీన్లు, రిజిస్టర్, ఎర్ర సిరా, అన్నీ చెప్పాను. ఆయన్ని ఎంత కిందికి లాగగలనో అంతా లాగాను. కూరలమ్మి కూడా తూకం ఆపి వింది. పైడక్క సంచీ మోచేతికి తగిలించుకుని కదలకుండా నిలబడింది. నేను ఆపాక ఒకటే అడిగింది.

"నీకెప్పుడు తెలిసింది బాబూ?"

"శుక్రవారం."

"నన్ను రావొద్దన్నది శనివారం."

"అవునక్కా."

"నాను ఫోన్ సేసినప్పటికి తెలుసన్నమాట."

తెలుసని తలూపాను. ఆవిడ కూరలమ్మికి ఇవ్వాల్సింది ఇచ్చి, కొంగు సర్దుకుంది. మళ్ళీ మాట్లాడినప్పుడు బాబూ అనలేదు.

"ఆయన పోయారు. మీరున్నారు గదా సార్. ఇప్పుడు సెప్పిందే ఒక కాగితం మీద రాసి, సంతకం ఎట్టి ఇయ్యండి. శుక్రవారం తెలుసని కూడా రాయండి. ఉద్యోగం కోసం కాదు. మా పిల్లకి సూపిస్తాను. హిందీలో రాయండి సార్, దానికి తెలుగు సదవడం రాదు."

రాసిస్తానన్నాను. వచ్చే బుధవారం ఇక్కడే ఇస్తానన్నాను. ఆ బుధవారం ఆ దారిలో వెళ్ళలేదు, దాని తరువాతి బుధవారం కూడా వెళ్ళలేదు.

ఆ హిందీ కాగితం ఆఫీసు బల్ల మీద నా ముందే ఉంది. దాని మీద తేదీ ఒక్కటే వేశాను. ఇదంతా మాత్రం గడగడా రాసేశాను, ఎక్కడా కలం ఆగలేదు. తెలుగులో రాశాను. మా ఆఫీసులో తెలుగు చదవగలిగినవాళ్ళు ఇప్పుడెవరూ లేరు.